దారి దొరికిన కబురు

కృష్ణానగర్‌లో ఆ నాలుగంతస్తుల భవనంలో కిరాయికి ఉండేవాళ్లలో ఎక్కువమంది ఒంటరిగా మిగిలిన పాత సినిమా కళాకారులు. వాళ్లకి ఆపద బెల్లు పెట్టే పని ఫిల్మ్ నగర్‌లోని మా ఆఫీసుకి వచ్చింది. మెడలో వేసుకున్న బటన్ నొక్కితే, ఆ కబురుని వైఫై డబ్బాలు ఒకదాని నుంచి ఒకటి అందుకుని కింద వాచ్‌మన్ గదికి చేర్చాలి. మధ్యలో ఒక డబ్బా ఆగిపోతే వేరే దారి చూసుకోవాలి. ఆ దారి చూసుకునే పద్ధతులు రెండు. ఒకటి, పనున్నా లేకున్నా పక్క డబ్బాలను పలకరిస్తూ దారులన్నీ ముందే సిద్ధంగా ఉంచుకుంటుంది. రెండోది కబురు వచ్చాకే వెతుక్కుంటుంది. ఏది మేలో తేల్చడం నా పని. ఊరికే వాగేవాళ్లంటే నాకు గిట్టదు, అందుకే మొదటినుంచీ రెండోదాని వైపే మొగ్గాను.

మూడో అంతస్తులో ఒక ముసలావిడ ఉండేది. బతుకంతా గుంపు సీన్లలో నిలబడ్డ మనిషి. మొదటి రోజు పరీక్ష కోసం పావుగంటకోసారి బటన్ నొక్కమంటే సంబరపడింది. నొక్కిన ప్రతిసారీ ఫోన్ చేసేది.

"బాగా వచ్చిందా బాబూ? వన్ మోర్ చేద్దామా?"

వద్దన్నా ఇంకోసారి నొక్కేది. సెట్లో అలవాటు.

మర్నాడు పొద్దున వాచ్‌మన్ గదిలో కూర్చుని, బెల్లు మోగకుండా కబుర్లన్నీ నా లాప్‌టాప్‌కి మళ్లించాను. రెండో పద్ధతి పెట్టి, రెండో అంతస్తు డబ్బా ఆపేశాను. ఇంకా టైమ్ కాకముందే ఆవిడ నుంచి కబురు వచ్చింది. మెట్ల దగ్గరి డబ్బా మీదుగా, రెప్పపాటులో. నా మాటే నెగ్గిందని పొంగిపోయాను.

లాప్‌టాప్‌లో అది చూసి వాచ్‌మన్ లేచాడు. "ఏంది సార్, పోయి సూడాల్నా?"

"ఏం వద్దు. ఆవిడ ఇంకో టేక్ ఇస్తోంది" అని నవ్వి, ఆ ఫలితం పట్టికలో రాసుకున్నాను. ఈసారి ఆవిడ ఫోన్ చేయలేదన్నది తట్టనే లేదు.

ఆ తర్వాత నొక్కాల్సిన టైమ్‌కి నొక్కలేదు. మర్చిపోయిందనుకున్నాను. ఆ పై పావుగంటకీ కబురు లేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పుడు పరిగెత్తాం. వంటగట్టు కింద పడి ఉంది. బటన్ పిడికిట్లోనే ఉంది, ఒళ్లు ఇంకా వెచ్చగా ఉంది, ఊపిరి మాత్రం లేదు. ముందే వెళ్లుంటే బతికేదా అని డాక్టర్ని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

రిపోర్టులోంచి ఆ వరుస తీసేస్తానని మా మేనేజర్‌తో అన్నాను.

"ఎందుకండీ? రెండో పద్ధతి గెలిచిందే దానివల్ల కదా" అన్నాడు.

తీయలేదు. రిపోర్టు నా సంతకంతోనే వెళ్లింది. ఇప్పుడు ఎక్కడ ఏ లిఫ్టు బెల్లు మోగినా ఉలిక్కిపడి లేస్తాను. పక్కవాళ్లు వింతగా చూస్తారు.

ఆ భవనంలో ఈరోజుకీ ఆ పద్ధతే నడుస్తోంది. ఎవరు నొక్కినా కబురు రెప్పపాటులో కిందికి చేరుతుంది. ఆవిడదీ చేరింది. నేనే పైకి వెళ్లలేదు.