మంచినీళ్ళలో కరెంటు

నేను చెప్పేదాంట్లో సగం కోతలేనని ముందే ఒప్పుకుంటున్నాను. ఇవాళ హోటల్లో నీళ్ళ సీసా మూత తీయగానే, వీపనగండ్ల దగ్గర మా ఊరి బడిలో సైన్సు సారు గుర్తొచ్చాడు.

"మంచినీళ్ళల్ల కరెంటు పారదు, ఉప్పేస్తెనే పారుతది. పోయి మంచినీళ్ళు తేపో" అన్నాడా మహాపండితుడు. మేం రోజూ తాగే బోరు నీళ్ళే తెచ్చాను. బ్యాటరీకీ బల్బుకూ కలిపిన తీగలు సారు వాటిలో ముంచగానే, ఉప్పు వేయకముందే, సూర్యుడు సిగ్గుపడేలా బల్బు వెలిగింది!

"ఉప్పెందుకేసినవ్‌రా దొంగా?" అంటూ చెవి మెలిపెట్టాడు.

"ఎయ్యలే సార్, మేం తాగేటియే గవి!"

సారు ఆ నీళ్ళు పారబోసి, వనపర్తి నుంచి తెచ్చుకున్న తన సీసా ఎత్తి గటగటా తాగాడు. నా ఒంటినిండా కరెంటుందని భయపడి, ఆ సాయంత్రం అమ్మను ముట్టుకోలేదు నేను.

బల్బు నిజానికి మిణుకుమంది, అంతే. సారు మా నీళ్ళు ఏనాడూ తాగలేదన్నది మాత్రం కోత కాదు.