మామయ్య తప్పిపోయిన యాత్ర

మా మామయ్య తప్పిపోతాడు. అదే ఆయన అసలు పని. కుట్టుమిషన్లు బాగుచెయ్యడం పొట్టకూటికి మాత్రమే.

పాలకని వెళ్లి, పొద్దువాలాక ఎవరిదో మిషను భుజాన వేసుకుని వచ్చేవాడు. పాలు మాత్రం ఉండేవి కావు. పెళ్లినాడు చర్చి గుమ్మం నుంచి పీఠం దాకా తిన్నగా నడవడం తప్ప పెళ్లికొడుక్కి వేరే పనేం ఉంటుంది? ఆ కాస్త దూరంలోనూ తప్పిపోయాడు. వెనక గదిలో పాత హార్మోనియం విప్పుతూ దొరికాడట. "అప్పుడే ఆలోచించుకోవాల్సింది," అంటుంది అత్తయ్య, "కానీ పాట మొదలైపోయింది."

అలాంటి మనిషి మా చర్చి సంఘంవాళ్లతో పుణ్యభూమి యాత్రకి పేరిచ్చాడు. అత్తయ్య నన్ను పిలిచి, "నువ్వూ వెళ్లమ్మా. లేకపోతే నాకు మొగుడు మిగలడు, ఫొటో మిగులుతుంది," అంది.

నాకు పెద్దగా ఉత్సాహం లేదు. అప్పటికి నా భక్తి మామయ్య దగ్గరికి బాగుకొచ్చే మిషన్లలాగే ఉంది. చక్రం తిరుగుతుంది, కుట్టు పడదు. ప్రార్థనలో కళ్లు మూసుకుని, గ్యాస్ కట్టేశానా లేదా అని ఆలోచించేదాన్ని.

యాత్రకి పెద్ద మా పాస్టరుగారు. ఆయన వెంట వాళ్లమ్మగారు. నవ్వుముఖం, చేతిలో చిన్న సంచి, ఎవరు పలకరించినా ఓ మంచిమాట.

మొదటిరోజే మామయ్య తన సత్తా చూపించాడు. ప్రభువు పుట్టిన గుహలోకి అందరం వంగి వెళ్లి, వంగి బయటికొచ్చి చూసుకుంటే ఇద్దరు తక్కువ. కాసేపటికి సందు మలుపులో అమ్మగారు మామయ్య చెయ్యి పట్టుకుని ప్రత్యక్షమయ్యారు.

"నేనే తప్పిపోయానండీ," అన్నాడు మామయ్య తల గోక్కుంటూ. "పాపం, అమ్మగారు వెతుక్కుంటూ వచ్చారు."

"దొరికాడు!" అన్నారావిడ విజయగర్వంతో. అందరం చప్పట్లు కొట్టాం.

సరస్సు దగ్గరా అదే కథ. కొండమీదా అదే కథ. పాస్టరుగారు తప్పిపోయిన గొర్రె ఉపమానం ఎత్తుకుని, చెప్పినంతసేపూ మామయ్యనే చూశారు. మామయ్య భక్తిగా తలాడించి, "బాగా చెప్పారండీ. పాపం గొర్రె!" అన్నాడు. దాంతో బస్సులో ఆయనకి పేరు పడిపోయింది. "గొర్రెగారు ఎక్కారా?" అని అడిగితే గానీ డ్రైవరు బండి తీసేవాడు కాదు.

నేను సిగ్గుతో చచ్చిపోయాను. "మామయ్యా, నలుగురితో పాటు నడవడానికి నీకేం రోగం?"

"దారులన్నీ ఒక్కలాగే ఉన్నాయే పిల్లా."

ఇక నా భక్తి సంగతి. ప్రభువు నడిచిన నేలమీద నడిచాను, చెప్పుల్లో ఇసుక పడింది. ఆయన బాప్తిస్మం తీసుకున్న నదిలో దిగాను, జలుబు చేసింది. చుట్టూ అందరూ కళ్లు తుడుచుకుంటుంటే నేను ముక్కు తుడుచుకున్నాను.

సిలువ మోసిన దారిలో నడవాల్సిన రోజున మామయ్య కడుపు చెడి, లాడ్జిలో పడుకుండిపోయాడు. "ఇవాళ హాయిగా సాగుతుంది," అన్నారు పాస్టరుగారు. అన్నీ ఇరుకు సందులు, మెట్లు, కొట్లు, కిటకిటలాడే జనం. సగం దారిలో ఆగి చూసుకుంటే ఒకరు తక్కువ. అమ్మగారు లేరు.

పాస్టరుగారు "అమ్మా! అమ్మా!" అంటూ కనిపించిన సందులోకల్లా దూరుతున్నారు. నేను మామయ్యకి ఫోన్ చేశాను.

"దగ్గర్లో కొళాయి ఉందేమో చూడు," అన్నాడాయన.

"కొళాయేంటి మామయ్యా?"

"ఇంట్లో కొళాయి కట్టకుండా వచ్చేశానని ఆవిడకి దిగులు. నీళ్ల చప్పుడు వినిపిస్తే చాలు, అటే పోతుంది. కంగారు పెట్టకండి, వస్తున్నా."

కొళాయికోసం వెతికితే, మెట్లకింద రాతితొట్టి, దానిమీద కొళాయి. పక్కనే గట్టుమీద అమ్మగారు నిమ్మళంగా కూర్చుని ఉన్నారు. కొళాయి గట్టిగా కట్టేసి ఉంది. దాహంతో నిలబడ్డవాళ్లెవరికీ దాన్ని ముట్టుకునే ధైర్యం లేదు.

"పదమ్మా," అన్నారు పాస్టరుగారు చెయ్యి అందిస్తూ.

"నేను రాను. ఆ అబ్బాయి మళ్లీ తప్పిపోయాడు. దొరికితేగానీ కదలను."

బతిమాలాం, బుజ్జగించాం. ససేమిరా అన్నారు. అంతలో మామయ్య పొట్ట పట్టుకుని, మెట్లు దిగుతూ వచ్చాడు.

"దొరికాడు!" అని ఆవిడ లేచి నిలబడ్డారు.

పాస్టరుగారు మామయ్య వైపు తిరిగారు. "అంటే... ఇన్నిరోజులూ తప్పిపోయింది మా అమ్మేనా?"

"ఛ ఛ, నేనేనండీ. నా సంగతి మీకు తెలీదా?"

నేను మెట్టుమీద కూలబడ్డాను. కళ్లు మూసుకోలేదు, చేతులు జోడించలేదు. "ప్రభువా, బతికించావు," అని నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. ఎన్నో ఏళ్లకి నేను చేసిన నిజమైన ప్రార్థన అదే.

లాడ్జికి తిరిగొచ్చేటప్పుడు మామయ్యని నిలదీశాను.

"మొదటిరోజు నేను నిజంగానే తప్పిపోయానే. చూస్తే ఆవిడా తప్పిపోయి కనిపించింది. ఆ సంగతి బయటపడితే కొడుకు భయపడి ఆవిణ్ణి గదిలో కూర్చోబెడతాడు. ఇంతదూరం వచ్చి లాడ్జి గోడలు చూడ్డమేంటి? నా పరువు ఎలాగూ పోయిందే, ఇంకాస్త పోతే ఏమైంది?"

ఆ సాయంత్రం భోజనాల దగ్గర పాస్టరుగారు లేచి నిలబడ్డారు. "మా అమ్మకి మతిమరుపు వస్తోంది. తెలిసీ ఒప్పుకోలేకపోయాను. మీరంతా కాస్త..."

"దానికేం భాగ్యమండీ, వంతులు వేసుకుంటాం," అన్నాం అందరం.

అమ్మగారు చెంచా కింద పెట్టారు. "మతిమరుపు నాకేంట్రా? ఇవాళ మీ పెళ్లిరోజు. కోడలికి ఫోన్ చేశావా?"

పాస్టరుగారు నోరు తెరిచారు. తెరిచిన నోరు తెరిచినట్టే వరండాలోకి పరుగెత్తారు. కాసేపటికి అక్కణ్ణుంచి, "అయ్యో, మర్చిపోవడమా? పొద్దుట్నుంచీ లైను కలిస్తేగా..." అని వినిపించింది.

పాస్టరుగారు అబద్ధమాడుతుంటే సంఘం వినకూడదు. గబగబా అందరం ఓ పాట అందుకున్నాం. అందరికన్నా గట్టిగా పాడింది మామయ్యే.