దేవుని కుండలో తెల్లబియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుని కుండలో పడేది. ఆదివారం ఆ కుండ చర్చికి పోయేది. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి. మాది ప్రొద్దుటూరులో చిల్లర అంగడి. బేరమాడకుండా చింతపండు కూడా కొనని వంశం. నేను వాళ్ళకంటే రెండాకులు ఎక్కువే చదివాను. బియ్యానికి బొరుగుల ఉండలిచ్చే ఆమె వీధిలోకి వస్తే, దేవుని కుండలోంచి బియ్యం తీసి ఆమెకు పోసి, రెండు ఉండలకు బదులు మూడు గుంజుకునేదాన్ని. వరుసగా నాలుగు రోజులు. గొప్ప గెలుపనుకున్నాను.

శుక్రవారం మా అవ్వ కుండలో చెయ్యి పెట్టి చూసింది. ఆ కుండ బాధ్యత జమ్మలమడుగు నుంచి కొత్తగా కోడలై వచ్చిన మా చిన్నమ్మది. ఆ ఆదివారం మొదటిసారి ఆమే దాన్ని చర్చికి మోసుకుపోవాలి. "దేవునికేసే పిడికిలి కూడా ముడుచుకుంటాదేంది ఈ కోడలుపిల్లకు? ఇంగ కుండ ముట్టాకు" అనేసింది అవ్వ. చిన్నమ్మ దొడ్లో గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకుంటుంటే చూశాను. నేను చేసింది పాపమని అప్పుడు తెలిసింది.

తెలిసి ఏం చేశాను? బేరం మొదలుపెట్టాను. ప్రభువా, పది వాక్యాలు కంఠస్థం చేస్తాను, సరే, ఇరవై. క్రిస్మస్ దాకా బొరుగుల ఉండ ముట్టను. మోకాళ్ళు నొప్పిపుట్టేదాకా ప్రార్థించాను, ఏడ్చాను కూడా. మనసు కుదుటపడలేదు. అవతలివాడు ధర చెప్పకపోతే బేరం ఎట్లా సాగుతుంది? విసుగొచ్చి, అంగట్లోంచి బియ్యం తెచ్చి కుండ నింపేశాను. శనివారం పొద్దున అవ్వ చూసి, "చూస్తిరా, భయానికి తెచ్చి నింపింది" అని మళ్ళీ చిన్నమ్మనే తిట్టింది. నాకు ఒళ్ళు మండింది. దిద్దబోయినా తప్పేనా!

అప్పుడు మా తాత కుండలోకి తొంగి చూశాడు. ఇంట్లో వండేది ఎర్రటి దంపుడు బియ్యం. పైన కనబడింది అంగట్లోని తెల్లటి మిల్లు బియ్యం, ఆ అంగట్లో పొద్దంతా తిరిగేదాన్ని నేను. ఆయన నా వైపొకసారి చూసి, కుండను చేటలో గుమ్మరించి నా ముందు పెట్టాడు. "ఏరు పాపా. తెల్లవి ఒకపక్క, ఎర్రవి ఒకపక్క." అంతే. కారణం చెప్పలేదు.

మధ్యాహ్నమైనా పిడికెడు తేలలేదు. కళ్ళు మంటలు, కాళ్ళు తిమ్మిర్లు. చేట విసిరికొట్టాలనిపించింది. అంతలో చిన్నమ్మ వచ్చి, ఎందుకని అడగకుండా, నా ఎదురుగా కూర్చుని ఏరసాగింది. ఆమె వేళ్ళు చకచకా ఆడుతుంటే ఇక చూడలేకపోయాను.

"చిన్నమ్మా, తీసింది నేను" అన్నాను.

ఆమె చేతులు ఆగిపోయాయి. "నిన్ననే చెప్పింటే నేను ఇంత ఏడ్సింటానా?" అంది. నిజంగానే కోపమొచ్చింది ఆమెకు. కాసేపటికి, "సరే, పోనీ" అంది. నేను ఊరుకోలేదు. వారంపాటు నీళ్ళు మోస్తానన్నాను, కాదంటే నెలన్నాను.

"నీ బేరం అంగట్లో పెట్టుకో. ఇడిసిపెట్టినా అంటాండా కదా! పా, మీ అవ్వకు చెబుదువు."

అవ్వ నాకు రెండు అంటించింది. మరునాడు కుండ తెచ్చి చిన్నమ్మ చేతుల్లో పెట్టింది గానీ, తప్పయిందన్న మాట మాత్రం తన నోట రాలేదు. నా బుద్ధి ఎక్కడినుంచి వచ్చిందో అప్పుడర్థమైంది. చేటలో మిగిలినవి ఏం చేయాలని అడిగితే తాత నవ్వాడు. "అన్నీ కలిపి కుండలో పొయ్యి. దేవునికి రెండూ బియ్యమే. నీ నోట్లో మాట కోసరం కూర్చోబెట్టినా."

ఇంత వయసొచ్చింది. తప్పు తెలిసిన క్షణాన ఇప్పటికీ ముందు నాలుకమీదికి వచ్చేది బేరమే. ఊరికే దొరికే క్షమాపణను, తూకం చూడని సరుకులాగా, అనుమానంగానే తీసుకుంటాను. మొన్న కూడా కోడలిని అనరాని మాట అని, ప్రార్థనలో అరగంట బేరమాడాను. చివరికి నామీద నాకే విసుగొచ్చి, లేచి వంటింట్లోకి పోయాను. ఆమె బియ్యం ఏరుతోంది. ఎదురుగా కూర్చున్నాను. చేటమీద చెయ్యి వేయకముందే నోరు తెరిచాను.