పాట మారినా చేతులు ఆగనివ్వని అత్త

...అని రాసి నిన్న పెన్ను మూసేశాను. ఆ తర్వాతి వాక్యం రాయడానికి చెయ్యి రాలేదు. ఈ రోజు రాస్తాను. అత్త చనిపోయింది.

అత్త అంటే మా డాడీకి అక్క. ఆఫీసులో లంచ్ టైమ్‌లో టిఫిన్ డబ్బా మూత తీసి, పక్క సీటు మేడమ్‌కి పచ్చడి వడ్డిస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయిందట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికే గుండె ఆగిపోయింది. నన్ను స్కూల్ నుంచి తీసుకెళ్లడానికి మమ్మీ వచ్చింది. ఆటో ఫ్లైఓవర్ ఎక్కింది. అక్కడ చెప్పింది, "అత్త ఇక లేదమ్మా" అని. చుట్టూ హారన్లు. నాకు వినిపించలేదనుకుని మళ్లీ చెప్పింది. నాకు మొదటిసారే వినిపించింది.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. మా ఇంట్లో వాళ్లు మాత్రం కాకూడదు. తెలుగులో రాస్తున్నదీ అందుకే. నా గదిలోనే పడుకునే అక్క ఢిల్లీలోనే పుట్టి పెరిగింది, తెలుగు మాట్లాడడమే అంతంత మాత్రం, చదవడం అసలు రాదు. నాకూ స్కూల్లో ఎవరూ నేర్పలేదు. సెలవుల్లో అత్త నేర్పింది, ఆఫీసు నుంచి తెచ్చిన ఒకవైపు ఖాళీ కాగితాల మీద దిద్దించి. "మన మాట నీకు రాకుంటే నేను తిట్టేది నీకెట్ల సమజైతది?" అనేది. నిజానికి ఒక్కసారి కూడా తిట్టలేదు.

ఈ రోజు నాకు భయంగా ఉంది. డాడీ ఢిల్లీ పక్కనున్న వైశాలి వెళ్లారు, అత్త అద్దెకున్న ఫ్లాట్ ఖాళీ చేయడానికి. పొద్దున టీ తాగుతూ మమ్మీతో అన్నారు: "అక్క ఇంట్ల ఏముంటది? దివాను, ఫ్రిజ్, నాలుగు గిన్నెలు. ఫోటోలు, బట్టలు తెస్త. మిగతాదంత పాత సామాన్ల కబాడీవానికి ఇచ్చేస్త. ఇల్లు ఖాళీ చెయ్యమని మకాన్ మాలిక్ రోజూ ఫోన్ చేస్తుండు."

"దివాన్ లోపల చూడుండ్రి. మంచి దుప్పట్లున్నయి," అంది మమ్మీ.

ఆ దుప్పట్ల కిందే, దివాన్ మంచం పెట్టెలో, నా సెట్ ఉంది. రెండు సీడీ ప్లేయర్లు, వాటి మధ్యలో పెట్టుకుని పాటలు కలిపే మిక్సర్, ఒక హెడ్‌ఫోన్. నేను డీజే అవ్వాలనుకుంటున్నాను. మా చుట్టాల్లో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషి అత్త.

"నేనూ వస్తాను డాడీ" అన్నాను, వీలైనంత మామూలుగా. "ఎగ్జామ్స్ పెట్టుకుని నీకెందుకమ్మా, చదువుకో" అన్నారు. గట్టిగా అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకే ఊరుకున్నాను. డీజే అంటే డాడీ దృష్టిలో బారాత్‌లో వ్యాన్ ఎక్కి "ఔర్ జోర్ సే" అని అరిచేవాడు. గుర్రం మీదున్న పెళ్లికొడుక్కి చెవులు పగలగొట్టేవాడు. ఆడపిల్ల ఆ పని చేస్తానంటే ఏమంటారో ఊహించడానికి కూడా నాకు ధైర్యం లేదు.

అత్తకి మొదట చెప్పినప్పుడు కూడా భయమే.

మా క్వార్టర్స్ పార్కులో ఏటా బతుకమ్మ ఆడతారు. తంగేడు పువ్వు ఢిల్లీలో దొరకదు కాబట్టి బంతిపూలు, చామంతులతోనే పేరుస్తారు. పాట ఎత్తుకునేది ఎప్పుడూ అత్తే. గొంతు గొప్పదేం కాదు, కొంచెం బొంగురు. కానీ ఒక పాట అయిపోవస్తుండగా ఆమె ఇంకో పాట అందుకునే తీరు చూడాలి. వేరే ఎవరైనా పాడితే, పాట అయ్యాక అందరూ ఆగి "ఇప్పుడేది పాడుదాం" అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. తిరిగే వలయం నిలబడిపోతుంది. పిల్లలు నీళ్లకి పోతారు. అత్త ఉంటే అలా జరగదు. వంగి కొట్టే చప్పట్లు నడుస్తూనే ఉంటాయి, వాటి మీదికే కొత్త పాట వచ్చి కూర్చుంటుంది. పాట మారిందని మనకి తెలిసేసరికి మనమూ అదే పాడుతుంటాం. తెలుగు రాని పంజాబీ ఆంటీలు కూడా కాలు తప్పేవాళ్లు కాదు.

ఆ తర్వాత మా స్కూల్ ఫెస్ట్‌కి ఒక డీజే వచ్చాడు. అందరూ ముందు డాన్స్ చేస్తుంటే నేను స్పీకర్ పక్కన నిలబడి అతని చేతులే చూశాను. ఒక పాట నడుస్తుండగా హెడ్‌ఫోన్ ఒక చెవికి ఆనించి, ఇంకో పాటని ఎక్కడో లోపల సర్దుకుని, మెల్లగా తెచ్చి కలిపేశాడు. ఒక్క అడుగు కూడా ఆగలేదు. ఇది నాకు తెలిసిందే కదా అనిపించింది.

ఆ వారం అత్త ఇంట్లో, ఆమె పప్పుకి పోపు పెడుతుంటే చెప్పాను. "అత్తా, అతను నువ్వు చేసేదే చేశాడు."

"ఎవడు వాడు? నన్ను అడగకుండ నా పని చేసేటోడు?"

నవ్వాలి కానీ నాకు నవ్వు రాలేదు. "నాకు నేర్చుకోవాలనుంది" అన్నాను. గొంతు నాకే సరిగ్గా వినిపించలేదు.

అత్త స్టవ్ మంట తగ్గించి నా వైపు తిరిగింది. ఆడపిల్లవి అనలేదు, చదువు ఏమవుతుంది అనలేదు, మీ డాడీ ఏమంటాడు అనలేదు. "ఏం సామాను గావాలె దానికి?" అంది.

నాకు తెలియదు. ఆమెకీ తెలియదు. ఆ శనివారం ఇద్దరం బ్లూలైన్ బస్సెక్కి ఎర్రకోట ఎదురుగా ఉన్న ఎలక్ట్రానిక్స్ మార్కెట్‌కి వెళ్లాం.

షాపు భయ్యా మా ఇద్దరినీ చూసి ముందు కరావోకే మైకు తీశాడు. డీజేకి అని నేను నసిగితే, లోపల్నుంచి ఒక పెద్ద డబ్బా తెచ్చి స్విచ్ వేశాడు. ఎర్ర లైట్లు, నీలం లైట్లు, రాకెట్ లోపల ఉన్నన్ని బటన్లు. నాకు అక్కడికక్కడే అదే కావాలనిపించింది.

"యే లే జాయియే ఆంటీజీ, బచ్చీ ఖుష్ హో జాయేగీ. ఇస్మే సబ్ కుఛ్ హై. సైరన్ భీ, తాలీ భీ." ఇందులో అన్నీ ఉన్నాయంటూ బటన్ నొక్కితే డబ్బాలోంచి చప్పట్లు వచ్చాయి.

"తాలీ తో హమారే హాథ్ మే హై, భయ్యా," అంది అత్త, చప్పట్లు మా చేతుల్లోనే ఉన్నాయని. తర్వాత తను అడగాలనుకున్నది అడిగింది. ఒక పాట అందరికీ వినిపిస్తుండగా రెండోది నా ఒక్కదానికే వినిపిస్తుందా అని.

రెండోది దేనికని భయ్యాకి విసుగొచ్చింది. "దూసరా కిస్ లియే? లోగ్ ఏక్ టైమ్ పే ఏక్ హీ గానా సున్తే హైఁ."

"లోగ్ ఏక్ సున్తే హైఁ. గానేవాలీ దో సున్తీ హై."

వినేవాళ్లకి ఒకటే, పాడేదానికి రెండు. నా వైపు తిరిగి తెలుగులో చెప్పింది: "ఒక పాట నా నోట్లె ఉన్నప్పుడు ఇంకోటి చెవుల తిరుగుతుంటది బిడ్డా. అది ముందుగాల నాకు వినబడకుంటే ఎట్ల అందుకుంట? నీకు కూడ గట్లనే వినబడాలె."

ఆ లైట్ల డబ్బాలో హెడ్‌ఫోన్‌కి విడిగా పాట వచ్చే ఏర్పాటే లేదు. అది ఉన్నది పై అరలో, దుమ్ము పట్టిన ఒక చిన్న బూడిదరంగు మిక్సర్‌లో. లైట్లు లేవు, సైరన్ లేదు. అత్త హెడ్‌ఫోన్ తన కొప్పు మీదుగా తగిలించుకుని, స్పీకర్‌లో ఒక పాట గట్టిగా పెట్టమంది. చెవిలో రెండోది పెట్టమంది. కళ్లు మూసుకుంది. తర్వాత షాపు మధ్యలో, బతుకమ్మలో కొట్టినట్టే, కొంచెం వంగి చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. అత్త అవేవీ పట్టించుకోకుండా ఇంకో హెడ్‌ఫోన్ ఇమ్మంది, తర్వాత ఇంకోటి. బయట గోల ఎంతున్నా, తన చప్పట్లు తాళం తప్పనంత బాగా చెవిలో పాట వినిపించినదాన్ని ఎంచుకుంది.

"మరి స్పీకర్లు?" అన్నాను.

"అయి తర్వాత. ముందు నీకు మంచిగ వినబడనీ. లోకానికి తర్వాత వినిపిద్దువు గాని."

ఇంత బాగా ఎంచిన మేము ఒక పొరపాటు కూడా చేశాం. అత్త ఇంట్లో పాత టేప్ రికార్డర్ ఉంది, తన బతుకమ్మ పాటలన్నీ ఆ క్యాసెట్లలోనే ఉన్నాయి. "ఒకటి మనింట్ల ఉండనే ఉంది గదా, ఇంకొకటి కొంటే సాలు" అని సీడీ ప్లేయర్ ఒక్కటే తెచ్చాం. దానికి పాట వేగం పెంచి తగ్గించే మీట ఉంది. టేప్ రికార్డర్‌కి లేదు. పైగా క్యాసెట్ పాతబడి పాట ఒకసారి సాగేది, ఒకసారి పరుగెత్తేది. నేను సీడీని దానికి సరిపెట్టేలోపే అది ఇంకో నడక నడిచేది. అత్త చప్పట్లు కొట్టి కొట్టి చివరికి చేతులు ఒళ్లో పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "ఒక కాలికి చెప్పు, ఒక కాలికి బూటు తొడిగి నిన్ను ఉరుకుమంటున్న!" అంది. రెండూ ఒకే రకం ఉండాలని అలా తెలిసింది. మళ్లీ బస్సెక్కి రెండోది తెచ్చాం. మీలో ఎవరైనా మొదటి సెట్ కొనుక్కునేవాళ్లుంటే ఇది గుర్తుపెట్టుకోండి. క్యాసెట్ల పాటల్ని తర్వాత ఒక షాపులో సీడీల్లోకి ఎక్కించుకున్నాం.

శనివారం శనివారం నేను వైశాలి వెళ్లేది మ్యాథ్స్ కోసమని ఇంట్లో చెప్పేదాన్ని. అత్త అకౌంట్స్‌లో పనిచేసేది కాబట్టి అందరూ నమ్మారు. ఆమెకి మాత్రం అది నచ్చేది కాదు. "అబద్ధమెందుకు? ముందు లెక్క చెయ్యి, తర్వాత పాట" అనేది. నిజంగానే ఒక చాప్టర్ చేయించి గాని దివాన్ మూత ఎత్తేది కాదు. నా మార్కులు పెరిగాయి. డాడీ చాలా సంతోషించారు.

నేను ప్రాక్టీస్ చేస్తుంటే అత్త కింద చాప మీద కూర్చుని కొత్తిమీర బాగు చేసేది. ఆ పని పక్కన పెట్టి నా పాటకి చప్పట్లు కొట్టేది. నేను రెండో పాటని తొందరపడి తెస్తే ఆమె చేతులు గాల్లోనే ఆగిపోయేవి. ఆ ఆగడమే నాకు అన్నీ చెప్పేసేది. మొదటిసారి రెండు పాటలు సరిగ్గా కలిసిన రోజు ఆమె లేచి నిలబడి, ఆ చిన్న గదిలో దివాన్ చుట్టూ వంగుతూ, చప్పట్లు కొడుతూ తిరిగింది. పక్క ఫ్లాట్ ఆంటీ వచ్చి "యే హర్ శనివార్ కీ తాలియాఁ కిస్ ఖుషీ మే, దీదీ?" అని ఈ చప్పట్లేమిటో అడిగింది. "మేరీ భతీజీ డీజే బన్ రహీ హై" అని అత్త గుమ్మంలో నిలబడి గట్టిగా చెప్పింది. నా మేనకోడలు కలెక్టర్ అవుతోంది అన్నట్టు చెప్పింది. నేను వెనకనుంచి ఆమె కొంగు లాగుతూనే ఉన్నాను.

అత్త పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఎందుకని అడిగితే "టైమ్ దొరకలే" అనేది. వాచీ మణికట్టు లోపలివైపు పెట్టుకునేది. బస్సు కండక్టర్‌ని కూడా "బేటా" అని పిలిచి సీటు ఇప్పించుకునేది. డాడీ ఆమె ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోగా నేను ఎప్పుడూ చూడలేదు. చిన్నప్పుడే వాళ్లమ్మ పోతే డాడీని పెంచింది అత్తేనట.

మేం కలిసిన చివరి శనివారం అత్త అడిగింది. "ఈసారి బతుకమ్మకి పార్కుల పాటలు నీవే. నీ పేరు చెప్పకుండ, డీజే ఉంటదని అందరికీ చెప్పేసిన. మీ డాడీకి నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

"ఇప్పుడే వద్దత్తా. భయమేస్తుంది."

"భయముంటే ఉండనియ్. భయపడుకుంటనే చెప్పు. నా తమ్ముడు మొరటోడు గాని చెవిటోడు గాదు."

నేను చెప్తానన్నాను, ఎగ్జామ్స్ అయ్యాక.

ఇప్పుడు డాడీ దివాన్ మూత ఎత్తే ఉంటారు. అది ఏమిటో తెలియక కబాడీవాడి తూకంలో వేసేస్తే, అత్త చెవి పెట్టి ఎంచినవన్నీ పోతాయి. ఎవరిదని అడిగితే పక్క ఫ్లాట్ ఆంటీ ఒక్క మాట చాలు, నా సంగతి తెలిసిపోతుంది. ఈ రెండింటిలో ఏది జరగకూడదని దేవుణ్ణి అడగాలో పొద్దున తెలియలేదు. ఇంత రాశాక తెలిసింది. తెలిస్తే తెలియనీ. సెట్ మాత్రం పోకూడదు.

కింద ఆటో ఆగింది. డాడీ గొంతు. మమ్మీ తలుపు తీసింది.

"ఇవేందండీ? పాతయన్నీ కబాడీకి ఇస్తనంటిరి?"

"ఇవి పాతయి గావు."

అడుగులు హాల్లో ఆగలేదు, ఇటే వస్తున్నాయి. తలుపు మీద చప్పుడు. చేత్తో కాదు, కింద, కాలితో తడుతున్నారు.

"తలుపు తియ్ బిడ్డా. చేతులు ఖాళీ లెవ్వు."

డాడీ నన్నెప్పుడూ బిడ్డా అనలేదు. అది అత్త పిలుపు. పేజీలు పరుపు కిందికి తొయ్యాలి. తలుపు కింది సందులోంచి ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి, వాటి పక్కన నేలకి తగులుతూ హెడ్‌ఫోన్ నల్ల వైరు కొస