గోడవైపు తిప్పిన కుర్చీ

నాటింగ్‌హామ్‌లో ఒకప్పుడు మా కింద ఫ్లాట్‌లో ఉన్న ఆంటీ మూడు వారాల క్రితం పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఫోన్ పెట్టేశాక, ఒకప్పుడు ఆవిడ మీద నేను వేసిన కేకే చాలాసేపు చెవుల్లో వినపడింది.

అక్కడ చదువుకునే రోజుల్లో, సహాయక కుక్కలను తయారుచేసే ఒక సంస్థకు వాలంటీర్‌గా ఒక లాబ్రడార్ కుక్కపిల్లను పెంచాను. ఏడాది పెంచి, బుద్ధులు నేర్పి, తిరిగి ఇచ్చేయాలి. పరీక్ష పాసైతే వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లకు తోడుగా పంపిస్తారు. నాకు క్లాసులున్నప్పుడు దాన్ని ఆంటీ చూసుకునేవారు. తెనాలి వైపు మనిషి, వృద్ధుల కేర్‌హోమ్‌లో పనిచేసి రిటైరయ్యారు. ప్రార్థన చేయనిదే అన్నం ముట్టరు. ఆ ప్రార్థనలో కుక్కపిల్ల పేరు కూడా ఉండేది.

దానికి తిండి గిన్నెలోనే పెట్టాలి, మనం తినేటప్పుడు మెతుకు కూడా వేయకూడదు. వందసార్లు చెప్పాను. "నోరులేనిదాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుంటే ముద్ద దిగుద్దా అమ్మాయ్?" అనేవారు. నేను లేనప్పుడు పెరుగన్నం ముద్దలు పెడుతున్నారని పరీక్ష రోజుగానీ తెలియలేదు. పరీక్ష కోసం తీసుకెళ్లిన కేఫ్‌లో పక్క టేబుల్ ఆయన చేతిలోకి అది మూతి పెట్టేసింది. ఆరు వారాల్లో ఈ అలవాటు మానకపోతే ఇక పనికిరాదన్నాడు సంస్థ ట్రైనర్.

నేరుగా ఆంటీ దగ్గరికెళ్లి, "మీ వల్లే దీని బతుకు పాడైంది" అని అరిచాను. తల్లిలాంటి మనిషిని ఎంత మాటన్నాను! ఆవిడ, "రేపు కూడా తీసుకురామ్మా" అన్నారంతే.

మర్నాటి నుంచి కుర్చీని గోడవైపు తిప్పుకుని తిన్నారు. కుక్క మూలిగినా, మోకాలికి మూతి ఆనించినా తల తిప్పలేదు. "దాని కళ్లు చూస్తే నా చెయ్యి ఆగదమ్మాయ్" అన్నారొకసారి. నాలుగో వారానికి అది అడగడం మానేసి ఆ కుర్చీ కిందే నిద్రపోయేది.

అది పాసై గ్లాస్గోలో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లింది. ఆ సంగతి ఆంటీకి చెప్పాను గానీ, క్షమించమని అడగలేదు. ఇవాళ, రేపు అనుకుంటూనే చదువైపోయి, నార్తాంప్టన్‌లో ఉద్యోగంలో చేరాను. క్రిస్మస్‌కు ఫోన్ చేస్తే ముందు కుక్క క్షేమమే అడిగేవారు. ఆ కబురు చెప్పి ఫోన్ పెట్టేసేదాన్ని.

ఇక్కడి పద్ధతిలో అన్నీ కుదిరేసరికి ఇన్ని వారాలు పట్టింది; నిన్న భూస్థాపన అయ్యాక ఆ ఫ్లాట్‌కు వెళ్లాం. వంటింట్లో కుర్చీ ఇంకా గోడవైపే ఉంది. అమ్మ ఏళ్ల తరబడి ఇలాగే కూర్చుని తినేదని, ఎందుకో ఎవరికీ చెప్పలేదని వాళ్లమ్మాయి ఇంగ్లిష్‌లో అంటూ దాన్ని బల్లవైపు తిప్పింది. నాకు తెలుసు. కుక్క వెళ్లిపోయాక కూడా ఆవిడ దాన్ని తిప్పలేదన్నమాట.

ఆమె టీ కప్పులు తీసుకుని హాల్లోకి వెళ్లాక, కుర్చీని మళ్లీ గోడవైపు తిప్పాను. కుర్చీ కాలికి కుక్కపిల్ల కొరికిన చిన్న చిన్న పళ్ల గాట్లు అలాగే ఉన్నాయి.