నల్లమేక కబురు నేనే చదివాను

మా చిన్నప్పుడు బడిలో పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా పాఠం గడగడా అప్పజెప్పేసేవాళ్లం... అబద్ధం కాదండీ! బొమ్మ ఏదో తెలిస్తే చాలు, పేజీ అంతా పాటలా వచ్చేసేది. కింద ఉన్న అక్షరాలతో మాకు పనేంటి?

భద్రాచలం అడవి అంచున కోయ గూడెం మాది. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు. రెండో తరగతి కూడా అయిపోవస్తున్నా బడిలో నేను సొంతంగా ఒక్క మాట మాట్లాడిన పాపాన పోలేదు. అందరితో కలిసి అరవడమే...

మా నాన్నకు చదువు రాదు. కానీ ఆయన్ని బురిడీ కొట్టించడం ఎవరి తరం? ఒకరోజు నేను గొప్పగా పాఠం వినిపిస్తుంటే, బొమ్మ మీద అరచెయ్యి అడ్డం పెట్టి "ఇప్పుడు సదువు" అన్నాడు. నేను ఆయన వేళ్ల సందుల్లోంచి బొమ్మ కోసం వెతికాను.

"ఎండాకాలం సెలవులిచ్చేలోపు సదువు రావాలె. రాకుంటే మేకల ఎంబడి పోవాలె" అని తేల్చేశాడు. (ఇదంతా కోయలోనే లెండి, మీకోసం తెలుగులో చెప్తున్నా.) మేకలంటే నాకు ప్రాణమే... కానీ బడి మానేయాలంటే మాత్రం ఏడుపు ఆగలేదు.

ఆ ఏడే తల్లాడ వైపు నుంచి కొత్త సారు వచ్చారు. 'మ' నేర్పడానికని తమ ఊరి నుంచి లేత మామిడికాయలు తెచ్చారు. ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది, అందరి చేతుల్లో పెట్టారు. ఒక్కరమంటే ఒక్కరం తినలేదు. చేతుల్లో ముక్కలు, నోట్లో నీళ్లు... అయినా కదలం!

"ఏందిరా, గిట్ల కూసున్నరు? పుల్లగుంటదని భయమా?" అంటూ సారే ఒక ముక్క నోట్లో వేసుకున్నారు.

అది చూసి నేనిక ఆగలేకపోయాను. లేచి నిలబడి "పండుగ కాలే సారూ!" అనేశాను.

"ఏం పండుగ?"

"మామిడి పండుగ. ముందుగాల ముత్యాలమ్మకు పెట్టాలె. తర్వాతనే మనం తినాలె."

మా గూడెంలో కొత్త కాయ ఏదైనా అంతే, తల్లికి పెట్టి పండుగ చేశాకే నోట పెట్టాలి. పాపం, ఆయనకేం తెలుసు! సారు కిటికీ దగ్గరికి పరుగెత్తి ముక్క ఉమ్మేసి, నోరు పుక్కిలించి వచ్చారు. ఇక మాకు మూడిందనుకున్నాం. ఆయనేమో సుద్దముక్క తీసుకుని, నేను అన్నది అన్నట్టే బోర్డు మీద రాశారు.

"గిదెవరి మాట?" అని అడిగారు. పిల్లలంతా నన్నే చూపించారు.

ఒక్కో మాట కింద వేలు పెట్టి సారు చదువుతుంటే నాకు ఒళ్లు ఝల్లుమంది. అక్షరాలంటే పుస్తకంలో వాళ్ల సొత్తు అనుకున్నాను అన్నాళ్లూ... మనం నోటితో అన్నదే అక్కడ కూర్చుంటుందని నాకెవరు చెప్పారు గనక?

మర్నాటి నుంచి పద్ధతే మారిపోయింది. పొద్దున్నే "నిన్న ఏం జరిగింది?" అని అడిగేవారు, మేం చెప్పిందే పాఠం. ఎవరి కోడి తప్పిపోయింది, ఎవరి చెల్లి ఇప్పపువ్వు ఏరడానికి వెళ్లి చెట్టు కిందే నిద్రపోయింది... తెలుగు తట్టకపోతే కోయలో చెప్పేవాళ్లం. ఆయన అదీ రాసి, పక్కనే తెలుగు మాట రాసేవారు. తర్వాత ఆ మాటలే అట్టముక్కల మీద రాసి, కలిపేసి, వెతికి తెమ్మనేవారు. బొమ్మలు లేవాయె... అక్షరం వైపు చూడక చస్తామా!

సెలవులిచ్చే రోజు నాన్న బడికి వచ్చాడు. సారును పక్కకు పిలిచి "నేనొక మాట జెప్త, మీరు రాయుండ్రి. నా బిడ్డ సదవాలె" అన్నాడట. నన్ను బయట నిలబెట్టారు. లోపలికి పిలిచేసరికి బోర్డు మీద రెండు వరుసలున్నాయి. మెల్లగా కూడబలుక్కున్నాను...

"నల్ల... మేక... ఈనింది."

ఊపిరి పీల్చుకున్నాను. "రెండు... పిల్లలు."

అంతే, "నాన్నా! నిజమా? ఎప్పుడు?" అని బడి అదిరేలా అరిచాను.

పొద్దున నేను బడికి వచ్చేశాక ఈనిందట. నాకు ఆ కబురు చెప్పింది బోర్డే! నాన్న సారు రెండు చేతులూ పట్టుకుని, "వచ్చింది సారూ... నా బిడ్డకు సదువు వచ్చింది" అన్నాడు. నాన్న కళ్లలో నీళ్లు చూడటం నాకు అదే మొదలు. సెలవుల తర్వాత మేకలు ఆయన వెంటే అడవికి పోయాయి, నేను మూడో తరగతికి.

సెలవులిచ్చిన ఆ వారమే నాన్న నన్ను సంతకు వెంటబెట్టుకుని వెళ్లాడు. ప్రతి దుకాణం ముందూ ఆగడం, "ఏం రాసుంది బిడ్డా?" అనడం. నేను చదవడం. కిరాణా కొట్టు, చెప్పుల దుకాణం, బస్సు మీద కొత్తగూడెం... ఏళ్లుగా తిరిగే సంత, అక్కడ ఆయనకు తెలియనిదేముంది? పైగా నాతో ఏనాడూ కోయ తప్ప మాట్లాడని మనిషి, ఆ రోజు మాత్రం అన్నీ తెలుగులోనే అడిగాడు. అదీ గట్టిగా... దుకాణాల వాళ్లకు అర్థం కావాలి కదా మరి!

ఇప్పుడు నేనూ ఒక అడవి బడిలో ఒకటో తరగతి టీచర్‌ని. కోయ మాటలతో పుస్తకాలు కూడా వచ్చాయి. పొద్దున్నే పిల్లల కబుర్లు బోర్డు మీద రాయడం మాత్రం నేను మానలేదు, ఈ మాట గర్వంగానే చెప్తున్నా. ఒక్కటే వెలితి... ఏ దుకాణం బోర్డు మీద ఏముందో ఇప్పుడు ఫోనే చదివి చెబుతోంది. "చదువు బిడ్డా" అని నలుగురిలో నిలబెట్టి మురిసిపోయే తీరిక నాన్నలకు తగ్గిపోయింది.

మీ చదువు మొదటిసారి విని ఛాతీ విరుచుకున్నది ఎవరు? అమ్మా, నాన్నా, పక్కింటి పెద్దమ్మా... ఎవరైనా సరే, వాళ్ల గురించి రెండు ముక్కలు కింద రాయండి. మా పిల్లల చేత గట్టిగా చదివిస్తాను...