దుఖాన్‌లో ఫుల్‌బ్యాక్ మోకాలు

ఖతర్‌లో నూనె బావుల ఊరైన దుఖాన్‌కు పనుండి వెళ్ళేవాళ్ళే గానీ చూడటానికి వెళ్ళేవాళ్ళు తక్కువ. నేను వెళ్ళింది ఒక మోకాలు చూడటానికి. తొంభైల మధ్యలో దోహాలో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేసేవాణ్ణి. ఆ చలికాలమంతా వారానికి రెండుసార్లు నా దగ్గరికొచ్చిన ఆ ఎడమ మోకాలు డారెల్ అనే అమెరికన్‌ది. వాళ్ళ దేశపు ఫుట్‌బాల్‌లో అతను ఫుల్‌బ్యాక్. ఆ ఆటలో ఒకడు బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతాడు. వాడికి ముందుగా ఉరికి, అడ్డొచ్చినవాళ్ళను గుద్ది పక్కకు నెట్టేవాడు ఫుల్‌బ్యాక్. పేరు వెనకవాడికి, దెబ్బలు ముందువాడికి.

ఏడేళ్ళు జీతానికి అలా దెబ్బలు తిన్నాక మోకాలు మెలిపడింది. ఆపరేషన్ అయ్యాక జట్టు వద్దంది. దుఖాన్‌లో ఇంజనీరుగా ఉన్న బావగారింటికి వచ్చి తలదాచుకున్నాడు. ఇప్పుడు మరో జట్టు, వచ్చి ఆడి చూపించమని కబురు పెట్టింది. శుక్రవారం సాయంత్రం విమానం. ముప్ఫై దాటినవాడికి ఇంకో పిలుపు రాదు. ఎక్కాలా మానాలా అని నన్నడిగాడు. బల్లమీద వంచి చూసిన మోకాలి గురించి ఎంతైనా చెబుతాను గానీ, నలుగురు వచ్చి మీద పడితే ఏమవుతుందో నాకేం తెలుసు? ఆ మాటే అన్నాను. అయితే దుఖాన్ వచ్చి కళ్ళారా చూడమన్నాడు.

శుక్రవారం ఉదయం ఏడున్నరకు అల్ దోహా అల్ జదీదాలో మా ఇంటి కింద సుబ్బరాయుడు హారన్ కొట్టాడు. అతనిది రాయచోటి. ఒక ఖతరీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. సెలవు రోజున వాళ్ళ పాత పికప్‌ను వాడుకోనిస్తారు. పెట్రోలు నాది, కబుర్లు అతనివి అని మా ఒప్పందం. మా ఆవిడ పులిహోర, పెరుగన్నం, ఆవకాయ కట్టిచ్చింది. ఆ పొడవు మనిషికి ఇది ఏ మూలకని మళ్ళీ వెనక్కి పిలిచి ఇంకో గిన్నె ఇచ్చింది.

షహానియా ఊరు దాటేదాకా రోడ్డు పక్కన ఒంటెలే కాలక్షేపం. దారిలో బంకు దగ్గర ఒక మలయాళీ కొట్లో చాయ్ తాగాం. శుక్రవారం బయల్దేరేవాళ్ళు నీళ్ళూ చాయ్ పెందలాడే చూసుకోవాలి, నమాజు వేళకు కొట్లన్నీ మూసేస్తారు. "ఒక కాలు చూసేదానికి ఇంత దూరం పోవల్లనా సార్?" అని సుబ్బరాయుడు దారి పొడవునా నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడు.

తొమ్మిదింటికి చేరాం. డారెల్ ఇసుక మైదానంలో ఒక్కడే పరిగెడుతున్నాడు. అతన్ని గుద్దడానికి ఒప్పుకున్న బావగారూ ఆయన స్నేహితులూ డ్యూటీ పిలుపొచ్చి నూనె బావి రిగ్గుకు వెళ్ళిపోయారట. పరుగు బాగానే ఉంది. కానీ ఒంటరి పరుగు చూసి ఏం చెప్పను? మైదానం అవతల కంపెనీ క్యాంపు వాళ్ళు కబడ్డీ ఆడుతున్నారు. నిజామాబాద్, కరీంనగర్ వైపు కుర్రాళ్ళు. వాళ్ళ పెద్ద మల్లేశం, వెల్డరు. మెత్తటి ఇసుక, పట్టడం తెలిసిన మనుషులు. ఇంతకంటే ఏం కావాలి? మల్లేశానికి మోకాలి సంగతంతా వివరంగా చెప్పి డారెల్‌ను అప్పగించాను.

డారెల్ కూత నేర్చుకుని గీత దాటాడు. అందరినీ ముట్టుకుని నడుచుకుంటూ తిరిగొచ్చాడు. రెండోసారీ అంతే. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. అతను మాత్రం మొహం ముడుచుకుని నా దగ్గరికొచ్చాడు.

"వీళ్ళు నన్నెందుకు వదిలేస్తున్నారు?" అన్నాడు.

మల్లేశాన్ని అడిగాను. "మోకాలు బాగ లేదని మీరే జెప్పిండ్రు గద సార్. సుట్టమొచ్చినోన్ని గట్టిగెట్ల వడ్తం?" అన్నాడు.

తప్పు నాదే. మంచి మర్యాదస్తుల చేతిలో పెట్టి పరీక్ష చేయమన్నాను. ఇక్కడ మీరు వదిలినా అక్కడివాళ్ళు వదలరు, సాయంత్రమే విమానం, ఇతని బతుకు ఈ కాలి మీద ఉందని చెప్పాను. మల్లేశం లుంగీ ఎగగట్టి, "గట్లయితే వడ్తం" అన్నాడు.

ఈసారి డారెల్ గీత దాటగానే మల్లేశం అతని ఎడమ మడమ అందుకున్నాడు. ఇద్దరు నడుం పట్టారు. ఇంకొకడు వీపు మీదికి దూకాడు. ఆ మోకాలు ఇసుకలో దిగబడి ఒక పక్కకు వంగింది. డారెల్ ఆగలేదు. నలుగురినీ ఈడ్చుకుంటూ గీత దాకా వచ్చి పడ్డాడు. కూత ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి లెక్కకు అతను అవుటే. ఆ మాట ఎవరూ అనలేదు.

పరిగెత్తుకెళ్ళి మోకాలు నొక్కి చూశాను. వాపు లేదు. వంచితే వంగింది. మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు, వాళ్ళూ మళ్ళీ మళ్ళీ పడేశారు. "డారెలన్నా, డారెలన్నా" అని క్యాంపంతా అరిచింది. స్టేడియంలో ఏడేళ్ళలో ఒక్కసారీ తన పేరు వినలేదని, వెనకవాడి పేరే విన్నానని పళ్ళమీద ఇసుకతో నవ్వాడు.

మధ్యాహ్నం అందరం కలిసి తిన్నాం. ఆవకాయ నాలుకకు తగిలి డారెల్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడు, అయినా పెరుగన్నం మారు వేయించుకున్నాడు. గంట ఆగి మళ్ళీ మోకాలు చూశాను. అప్పటికీ వాపు లేదు.

"వెళ్ళు. నిలుస్తుంది. ఎన్నాళ్ళు నిలుస్తుందో చెప్పలేను" అన్నాను.

ఎన్నాళ్ళన్న సంగతి ఇప్పుడెవరూ అడగడం లేదు, మొదటి రోజు నిలబడితే చాలన్నాడు. అబద్ధం చెప్పనందుకు నా చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

నాలుగింటికి అతన్నీ అతని సంచినీ ఎక్కించుకుని తిరుగు ప్రయాణమయ్యాం. సుబ్బరాయుడికి ఒక అనుమానం మిగిలిపోయింది. "పేరు రాని పనికి ఈయప్ప ఇంత కష్టం ఎందుకు పడతాడో అడుగు సార్" అన్నాడు. అడిగాను.

డారెల్, "నేను ఒకణ్ణి గుద్ది ఆపుతాను కదా. అప్పుడు నా పక్కనుంచి మావాడి అడుగుల చప్పుడు దాటిపోతుంది. అది వినాలి" అన్నాడు.

దుఖాన్‌లో చూడటానికి ఏముందని ఎవరైనా అడిగితే, నూనె బావులూ సముద్రమూ ఉన్నాయంటాను. నాకు మాత్రం దుఖాన్ అంటే పరాయి మనిషి బతుకు నిలబడాలని, అతన్ని మనసారా కిందపడేసిన మనుషులే గుర్తొస్తారు.

ఆరింటికల్లా ఎయిర్‌పోర్టు చేరాం. తలుపు దగ్గర పెట్టెలతో, తోపుడు బళ్ళతో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక పెద్దావిడ బరువైన బండిని ముందుకు తొయ్యలేక, వెనక్కి పోలేక నిలబడిపోయింది. డారెల్ మాకు చెయ్యి ఊపి, వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. భుజాలు కాస్త వంచి, ఎవరికీ దెబ్బ తగలకుండా జనాన్ని పక్కలకు జరుపుతూ నడిచాడు. ఆ దారిలో ఆవిడ బండి తోసుకుంటూ వెళ్ళింది. సుబ్బరాయుడు ఆవిడనే చూస్తున్నాడు. నేను డారెల్ ఎడమ మోకాలినే చూశాను, తలుపు మూసుకునేదాకా. ఒక్క అడుగు కూడా తడబడలేదు.